జర్మనీలో రైలు ప్రయాణం: అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఏ టికెట్టు కొనాలి?

ఏప్రిల్ నెల మొదలైందంటే మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. "అమ్మానాన్నా వస్తున్నారు, మూడు వారాలు ఉంటారు, రైలుకి ఏ టికెట్టు తీసుకోవాలి?" నిమిషంలో పది జవాబులు వస్తాయి. ఒకరు డాయిచ్‌లాండ్ టికెట్ అంటారు, ఒకరు బయర్న్ టికెట్ అంటారు, ఇంకొకరు ముందే ఐసీఈ బుక్ చేసేయమంటారు. ఎవరూ తప్పు చెప్పరు, ఎవరి ప్రయాణానికి సరిపోయింది వాళ్లు చెబుతారు. కానీ అడిగినవాళ్ల ప్రయాణం ఎలాంటిదో ఎవరూ అడగరు.

నేను ఆరేళ్లుగా ఆగ్స్‌బర్గ్‌లో ఉంటున్నాను. మ్యూనిక్‌కి రైల్లో ముప్పావు గంట. మా అమ్మానాన్నలు రెండుసార్లు వచ్చారు, అత్తగారూ మామగారూ ఒకసారి వచ్చారు. వాళ్లతో ఈ దేశమంతా తిరగడానికి ఇక్కడ దొరికే టికెట్లు దాదాపు అన్నీ కొన్నాను. అందులో కొన్నిసార్లు అనవసరంగా డబ్బు పోయింది కూడా. మన దగ్గర రైలు టికెట్టు అంటే ముందు దూరం చూస్తాం, తర్వాత క్లాసు చూస్తాం. ఇక్కడ ఆ అలవాటుతో లెక్క వేస్తే తప్పుతుంది. ముందు చూడాల్సినవి మూడు: ఎంతమంది వెళ్తున్నారు, అది ఏ రోజు, పొద్దున ఎన్నింటికి ఇల్లు కదలగలరు. దూరం సంగతి ఆ తర్వాతే.

రెండు రకాల బళ్లు

టికెట్ల సంగతికి ముందు బళ్ల సంగతి తెలియాలి. జర్మనీలో రైళ్లు రెండు కుటుంబాలు. ఐసీఈ, ఐసీ, ఈసీ అని రాసి ఉండేవి దూరప్రయాణ రైళ్లు. ఆర్ఈ, ఆర్‌బీ అని ఉండేవి రీజినల్ రైళ్లు. నగరం చుట్టూ తిరిగే ఎస్-బాన్ కూడా ఈ రెండో కుటుంబంలోదే. రోజంతా, నెలంతా తిరగడానికి ఇచ్చే చవక టికెట్లన్నీ రీజినల్ రైళ్లకే పనికొస్తాయి. రీజినల్ టికెట్టు చేతిలో పెట్టుకుని ఐసీఈ ఎక్కితే టికెట్టు లేనట్టే లెక్క.

రంగును బట్టి గుర్తుపట్టాలని చూడకండి. రీజినల్ రైళ్లలో ఎర్రవి చాలా ఉన్నా, వేరే సంస్థలు నడిపే నీలం, పసుపు, తెలుపు బళ్లూ ఉన్నాయి. వాటిలోనూ అదే టికెట్టు చెల్లుతుంది. బోర్డు మీద నంబరుకు ముందున్న అక్షరాలే చూడండి. జర్మన్ రైల్వే సంస్థ డీబీ వాళ్ల నావిగేటర్ యాప్‌లో లోకల్ రైళ్లు మాత్రమే చూపించమనే మీట ఒకటి ఉంది. రీజినల్ టికెట్టుతో తిరిగే రోజున ముందుగా అది నొక్కి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

రీజినల్ రైలంటే మన ప్యాసింజర్ బండిలా మెల్లగా ఈడుస్తుందని చాలామంది అనుకుంటారు. కొన్ని అలాంటివే, ప్రతి పల్లెలో ఆగుతాయి. కానీ న్యూరెంబర్గ్ నుంచి ఇంగోల్‌స్టాట్ మీదుగా మ్యూనిక్ వచ్చే ఆర్ఈ, హైస్పీడ్ లైను మీద గంటకు 190 కిలోమీటర్ల వేగందాకా వెళ్తుంది. గంటా నలభై ఐదు నిమిషాల్లో దింపుతుంది. ఐసీఈకి గంట పైచిలుకు పడుతుంది. ఆ నలభై నిమిషాల కోసం ఖరీదైన టికెట్టు కొనాలో వద్దో మీ ఇష్టం. నేనైతే కొనను.

ఇంకో సంగతి, నాకు చాలా ముఖ్యంగా కనిపించేది. 2024లో జర్మనీ దూరప్రయాణ రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని కూడా సమయానికి వచ్చినట్టే లెక్క వేస్తే వచ్చిన సంఖ్య అది. రీజినల్ రైళ్లు దాదాపు పదింటికి తొమ్మిది సమయానికి చేరాయి. "జర్మనీ రైళ్లు గడియారంలా నడుస్తాయి" అని నమ్మి వచ్చే మన పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

డాయిచ్‌లాండ్ టికెట్

2022 వేసవిలో మూడు నెలల పాటు నెలకు 9 యూరోలకే దేశమంతా రీజినల్ రైళ్లలో తిరిగే టికెట్టు ఇచ్చారు. ఆ ఆదరణ చూసి 2023 మే 1 నుంచి 49 యూరోలకు డాయిచ్‌లాండ్ టికెట్ మొదలుపెట్టారు. 2025లో అది 58 అయింది, 2026 జనవరి నుంచి 63. దీంతో దేశంలో ఏ మూలనైనా రీజినల్ రైలు, ఎస్-బాన్, ఊ-బాన్ (మెట్రో), ట్రామ్, సిటీ బస్సు ఎక్కవచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీలకు పనికిరాదు. పొద్దున తొమ్మిది దాటాకే ఎక్కాలన్న నియమం లేదు, జోన్లు లేవు, మెషిన్లో పంచ్ చేయడం లేదు. పెద్దవాళ్లకు ఇంతకంటే తేలికైన టికెట్టు ఇంకోటి లేదు. ఫోన్లో క్యూఆర్ కోడ్, పక్కన పాస్‌పోర్టు ఉంటే చాలు.

అయితే ఇది నెలనెలా సాగే చందా. డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఇక్కడే పోగొట్టుకుంటారు. క్యాలెండర్ నెల మొదటి తేదీ నుంచి చివరి తేదీ వరకే ఒక నెల లెక్క. మీ అమ్మగారు మే 20న దిగి జూన్ 10న వెళ్లిపోతే, ఉన్నది ఇరవై రెండు రోజులే అయినా అది రెండు నెలల టికెట్టు. ఆపేయాలంటే ఆ నెల 10వ తేదీ లోపు చెప్పాలి. 10 దాటాక కొన్న టికెట్టు మామూలుగా వచ్చే నెలాఖరుకు గానీ ఆగదు. అమ్మే సంస్థను బట్టి కొద్దిగా తేడాలు ఉంటాయి. కాబట్టి కొనేముందు రద్దు నిబంధన చదవండి, కొన్న రోజే రద్దు తేదీకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నేను మొదటిసారి ఆ పని చేయలేదు. నాన్నగారు ఖమ్మం చేరిన నెల తర్వాత కూడా ఆయన పేరు మీద నా ఖాతా నుంచి డబ్బు కట్ అయింది.

నా సలహా ఇది. విమాన టికెట్లు ఇంకా కొనకపోతే, వాళ్ల రాకపోకలు ఒకే క్యాలెండర్ నెలలో ఇమిడేలా చూడండి. మే 2న వచ్చి మే 28న వెళ్లేలా ఉంటే, మనిషికి 63 యూరోలతో నెలంతా గడిచిపోతుంది. రెండు నెలల్లోకి విరిగితే మాత్రం, వాళ్లు ఎన్ని రోజులు బయట తిరుగుతారో నిజాయితీగా లెక్క వేయండి. పెద్దవాళ్లు వారానికి రెండు రోజులకు మించి తిరగరు, మిగిలిన రోజుల్లో మనవలతో ఇంట్లోనే ఉంటారు. అలాంటప్పుడు రోజు టికెట్లే లాభం.

ఈ టికెట్టు మనిషి పేరు మీద ఉంటుంది. అమ్మ ఇంట్లో ఉంది కదా అని ఆవిడ టికెట్టు మీద చెల్లెల్ని పంపకూడదు. ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు, ఆరు నిండితే వాళ్లకూ విడిగా కొనాలి.

చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఒక మాట. చాలా యూనివర్సిటీలు సెమిస్టర్ ఫీజులోనే డాయిచ్‌లాండ్ సెమిస్టర్ టికెట్ ఇస్తాయి. దాని ధర మామూలు టికెట్టులో 60 శాతం, అంటే 63 లెక్కన నెలకు 37 యూరోల 80 సెంట్లు. అది చేతిలో ఉండగా ఇంకో రీజినల్ టికెట్టు కొనే పనే లేదు. స్నేహితులు గ్రూపు టికెట్టు తీసుకుంటున్నప్పుడు మీ పేరు అందులో రాయించుకుని వాటా కట్టకండి.

రాష్ట్రం టికెట్లు: మన కుటుంబాలకు సరిగ్గా కుదిరేవి

జర్మనీలో 16 రాష్ట్రాలు. ఒక్కో రాష్ట్రానికి, కొన్ని చోట్ల రెండు మూడు రాష్ట్రాలకు కలిపి, ఒక రోజు టికెట్టు ఉంటుంది. మా బవేరియాలో (జర్మన్‌లో బయర్న్) బయర్న్ టికెట్. సాక్సనీ టికెట్టు సాక్సనీ, సాక్సనీ-అన్‌హాల్ట్, తురింగియా మూడింటిలోనూ చెల్లుతుంది. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ రెండింటికీ కలిపి ఒకటి ఉంది, పొట్స్‌డామ్ ప్యాలెస్‌లు చూడబోయేవాళ్లకు అది పనికొస్తుంది.

వీటి గొప్పతనం గుంపులో ఉంది. ఐదుగురి వరకు ఒకే టికెట్టు మీద వెళ్లొచ్చు. బయర్న్ టికెట్ ఒక్కరికైతే ముప్పై యూరోల పైచిలుకు, ఆ తర్వాత చేరే ప్రతి మనిషికీ పది యూరోల దరిదాపు. ఐదుగురు వెళ్తే తలకు పదిహేను యూరోల చుట్టూ పడుతుంది. ధరలు ఏటా డిసెంబరులో మారుతుంటాయి కాబట్టి కొనే రోజున చూసుకోండి. ఆ డబ్బుతో రోజంతా, మర్నాడు తెల్లవారుజామున మూడింటి వరకు, రాష్ట్రమంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగవచ్చు. మ్యూనిక్, న్యూరెంబర్గ్ లాంటి నగరాల్లో ఊ-బాన్, ట్రామ్, బస్సులు కూడా అందులోనే. బవేరియా దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ వరకు, కుఫ్‌స్టైన్ వరకు కూడా చెల్లుతుంది. సరిహద్దులో పోలీసులు బండి ఎక్కి తనిఖీ చేస్తుంటారు, పాస్‌పోర్టులు ఇంట్లో మరిచిపోకండి.

పనిదినాల్లో పొద్దున తొమ్మిదికి ముందు ఈ టికెట్టు చెల్లదు. శని, ఆదివారాల్లో, రాష్ట్రమంతా పాటించే సెలవు రోజుల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది. తొమ్మిదంటే తొమ్మిదే. మా స్నేహితుడొకడు బంధువులతో కలిసి మంగళవారం 8:50 బండి ఎక్కాడు, పది నిమిషాలకు ఎవరేమంటారులే అనుకుని. టీసీ వచ్చాడు. టికెట్టు లేని ప్రయాణానికి ఇక్కడ జరిమానా మనిషికి 60 యూరోలు. ముందు బండే ఎక్కి తీరాలనుకుంటే, తొమ్మిది తర్వాత ఆ బండి ఆగే మొదటి స్టేషన్ వరకు మామూలు టికెట్టు కొని, అక్కడి నుంచి రోజు టికెట్టు వాడుకోవచ్చు. ఆ పద్ధతి చెల్లుతుంది.

టికెట్టు మీద అందరి పేర్లూ ఉండాలి. కాగితం టికెట్టు అయితే పెన్నుతో రాసుకోవాలి. దారి మధ్యలో ఒకరు దిగిపోయి వేరొకరు చేరడం కుదరదు.

మా కుటుంబానికి బాగా నచ్చిన రోజు గురించి చెబుతాను. ఒక శనివారం అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ నలుగురం ఫుస్సెన్ వెళ్లాం. మ్యూనిక్ నుంచి అయినా, మా ఊరి నుంచి అయినా సుమారు రెండు గంటల దారి. ఫుస్సెన్‌లో దిగి అదే టికెట్టుతో బస్సెక్కి హోయన్‌ష్వాన్‌గౌ చేరాం. అక్కడి నుంచి కొండ మీదున్న నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట. కోట లోపలికి వెళ్లే టికెట్టు వేరు, దాన్ని ముందే ఆన్‌లైన్‌లో టైముతో సహా తీసుకోవాలి. రైలు టికెట్టుకి ఆ బెంగ లేదు. అమ్మకి మోకాళ్లు నొప్పి పుట్టి ఒక గంట బెంచీ మీద కూర్చుండిపోయింది. మేం అనుకున్న బండి వెళ్లిపోయింది, తర్వాతి దానికి వచ్చాం. ఆ రోజు మాది ఫలానా రైలుకే కట్టేసిన టికెట్టు అయి ఉంటే నేను అమ్మని తొందరపెట్టేవాణ్ని. ఆ కొండ దిగుతూ ఆవిడ మోకాలి వంక కాకుండా నా గడియారం వంక చూసేది.

రెండో అనుభవం. మ్యూనిక్‌కి దక్షిణాన టేగర్న్‌జే అనే సరస్సు ఉంది. అక్కడికి వెళ్లే బండి దారిలో ముక్కలుగా విడిపోతుంది. హోల్జ్‌కిర్షెన్‌లో కొన్ని పెట్టెలు బైరిష్‌సెల్ వైపు మళ్లుతాయి, ఆ తర్వాత షాఫ్ట్‌లాక్ దగ్గర మిగిలినవి రెండు దారులు పడతాయి. మేం దొరికిన పెట్టెలో ఎక్కేశాం. హోల్జ్‌కిర్షెన్ దాటాక బయట స్టేషన్ పేర్లు కలవడం లేదని నాన్నగారే ముందు గమనించారు. కానీ మాది బయర్న్ టికెట్ కాబట్టి పోయిందేమీ లేదు. ఆ దారిలోనే ష్లియర్‌జే అనే ఇంకో సరస్సు ఉంది, అక్కడ దిగి తెచ్చుకున్న పులిహోర తిని సాయంత్రం వచ్చేశాం. అప్పటి నుంచి ప్లాట్‌ఫాం మీద బోర్డులో ఏ పెట్టెలు ఏ ఊరికి అని చూడకుండా ఎక్కడం మానేశాం. మీరూ చూడండి. బండి తలుపు పక్కన, లోపలి తెర మీద కూడా రాసి ఉంటుంది.

రాష్ట్రం దాటితే

రాష్ట్రం టికెట్టు గీత దాటితే చెల్లదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినవాళ్లు బయర్న్ టికెట్ కొని మ్యూనిక్ బయల్దేరిన సందర్భాలు నాకు తెలుసు. ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నది హెసెన్ రాష్ట్రంలో. బవేరియా మొదలయ్యేది ఆషాఫెన్‌బర్గ్ దరిదాపుల్లో. అంతవరకు వేరే టికెట్టు కావాలి.

ఇలాంటి రోజుకి క్వేర్ డుర్క్స్ లాండ్ అనే టికెట్టు ఉంది. దేశమంతా ఒక రోజు రీజినల్ రైళ్లలో తిరగడానికి, ఇదీ ఐదుగురి వరకే, ఇదీ పనిదినాల్లో తొమ్మిది తర్వాతే. రాష్ట్రం టికెట్టు కంటే ఖరీదు ఎక్కువ. ఊళ్లలో ట్రామ్, ఊ-బాన్, బస్సులు ఇందులో కలవవు. డాయిచ్‌లాండ్ టికెట్ వచ్చాక ఒంటరి మనిషికి దీని అవసరం చాలావరకు పోయింది. నలుగురైదుగురు ఒకే రోజు దూరం వెళ్లేటప్పుడు మాత్రం ఇప్పటికీ లెక్కలో పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు ఐసీఈ వైపు చూద్దాం. సూపర్ స్పార్‌ప్రైస్, స్పార్‌ప్రైస్ అని రెండు చవక టికెట్లు. ముందుగా కొంటే చాలా తక్కువకే వస్తాయి, రోజు దగ్గర పడేకొద్దీ పెరుగుతాయి. రెండూ ఒకే రైలుకి కట్టుబడి ఉంటాయి, ఆ బండి తప్పితే టికెట్టు పోయినట్టే. సూపర్ స్పార్‌ప్రైస్ రద్దు కూడా కాదు. ఏ బండైనా ఎక్కగలిగే ఫ్లెక్స్‌ప్రైస్ ధర చూస్తే మనసు ఒప్పదు.

అయితే ఒక వెసులుబాటు ఉంది, దీన్ని చాలామంది వాడుకోరు. తప్పు రైలుదై, మీరు గమ్యం చేరేసరికి 20 నిమిషాలో అంతకంటే ఎక్కువో ఆలస్యం అవుతుందని తేలితే, ఆ ఒక్క రైలు కట్టుబాటు తొలగిపోతుంది. వేరే ఐసీఈ ఎక్కవచ్చు. గంట ఆలస్యమైతే టికెట్టు డబ్బులో పావు వంతు, రెండు గంటలైతే సగం వెనక్కి అడగవచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్, రాష్ట్రం టికెట్లు ఉన్నవాళ్లకు ఈ ఐసీఈ ఎక్కే హక్కు లేదు. వాళ్లు తర్వాతి రీజినల్ బండి కోసం ఆగాలి.

పిల్లలున్న కుటుంబాలకు ఇక్కడ లెక్క తిరగబడుతుంది. దూరప్రయాణ రైళ్లలో తల్లిదండ్రులతోనో తాతా నానమ్మలతోనో వెళ్లే 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు డబ్బు కట్టక్కర్లేదు. వాళ్ల పేర్లు మాత్రం బుక్ చేసేటప్పుడే టికెట్టులో చేర్చాలి. ఎనిమిదేళ్లు, పదకొండేళ్ల పిల్లలున్న దంపతులు ముందుగా స్పార్‌ప్రైస్ కొంటే ఇద్దరి డబ్బుతో నలుగురు వెళ్తారు. ఆ కుటుంబానికి రీజినల్ రైలే చవక అని కళ్లు మూసుకుని చెప్పకూడదు.

మూడు దారులు పక్కపక్కన

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్. ఐసీఈలో మూడుంపావు నుంచి మూడున్నర గంటలు. రీజినల్‌లో వుర్జ్‌బర్గ్‌లో ఒకసారి, న్యూరెంబర్గ్‌లో ఒకసారి మారాలి, ఐదున్నర ఆరు గంటలు పడుతుంది. విమానం దిగిన రోజున పెద్ద పెద్ద సూట్‌కేసులతో, జెట్‌లాగ్‌తో ఉన్న పెద్దవాళ్లను ఈ దారిన తీసుకెళ్లకండి. నా మాట వినండి, ఆ ఒక్క రోజు డబ్బు చూసుకోవద్దు. విద్యార్థి అయితే, చేతిలో సెమిస్టర్ టికెట్టు, భుజాన ఒక సంచి ఉంటే, రీజినల్‌లో రావడమే మేలు. మధ్యలో వుర్జ్‌బర్గ్ ప్యాలెస్ కూడా చూసి రావచ్చు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్. ఇది నేను పూర్తిగా రీజినల్ పక్షాన ఉండే దారి. 2002లో వచ్చిన హైస్పీడ్ లైను మీద ఐసీఈ గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, గంటా పావు దరిదాపుల్లో చేరుస్తుంది. కిటికీలోంచి కనిపించేవి సొరంగాలు, హైవే. రీజినల్ బళ్లు రైన్ నది ఒడ్డునే, కోబ్లెన్జ్ మీదుగా వెళ్తాయి, మూడు గంటల పైచిలుకు పడుతుంది. బింగెన్ నుంచి కోబ్లెన్జ్ వరకు ఉన్న ఆ లోయ 2002లోనే యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. రెండు వైపులా కొండల మీద కోటలు, వాలుల్లో ద్రాక్షతోటలు, నది మలుపులో లోరెలై రాయి. నది ఎడమ ఒడ్డున ఒక లైను, కుడి ఒడ్డున ఒక లైను. ఎడమ ఒడ్డు బండిలో కొలోన్ వైపు వెళ్తున్నప్పుడు కుడి పక్క కిటికీ దగ్గర కూర్చోండి. మా మామగారు గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి. ఆ బండిలో రెండు గంటలు ఒక్క మాట మాట్లాడకుండా నదినే చూశారు. దిగాక, "పాపికొండల్లో లాంచీ ఎక్కినట్టుంది" అన్నారు. ఆ రెండు గంటలు మిగుల్చుకోవాలని ఐసీఈ టికెట్టు కొనేవాళ్లను ఎప్పుడూ వద్దనే అంటాను.

బెర్లిన్ నుంచి మ్యూనిక్. 2017 డిసెంబరులో కొత్త లైను వచ్చాక వేగంగా వెళ్లే ఐసీఈ నాలుగు గంటల్లో చేరుస్తుంది. రీజినల్‌లో దాదాపు రోజంతా. ఇక్కడ ఆలోచించే పని లేదు, ముందుగా స్పార్‌ప్రైస్ కొనండి.

యూరైల్ పాస్ గురించి కూడా అడుగుతుంటారు. యూరప్ బయట ఉండేవాళ్ల కోసం అది. రెండు వారాల్లో నాలుగైదు దేశాలు, ఎక్కువ భాగం పొడవైన ప్రయాణాలు అయితే లెక్క వేసి చూడండి. ఒక్క జర్మనీలో కూతురి ఇంట్లో ఉంటూ చుట్టుపక్కల తిరిగేవాళ్లకు అది దండగ. పైగా ఊ-బాన్‌లకీ, ట్రామ్‌లకీ పనికిరాదు.

టికెట్టు ధరలో కనిపించని సంగతులు

పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు టాయిలెట్టు ముఖ్యం. షుగరు ఉన్నవాళ్లకు మరీ ముఖ్యం. ఆర్ఈ బళ్లలో టాయిలెట్టు ఉంటుంది. మ్యూనిక్ ఎస్-బాన్‌లో ఉండదు, బెర్లిన్ ఎస్-బాన్‌లోనూ ఉండదు. స్టేషన్లలో డబ్బు పెట్టి వెళ్లాలి, చిల్లర దగ్గర ఉంచుకోండి. రీజినల్ రైళ్లలో టీ, కాఫీ, తిండి ఏదీ అమ్మరు. మంచినీళ్లు, తినేవి ఇంటి నుంచే తీసుకెళ్లండి.

సీటు రిజర్వేషన్ ఉండదు, ఎవరు ముందు కూర్చుంటే వాళ్లదే. ఎండ కాసే శనివారం పొద్దున ఆల్ప్స్ వైపు వెళ్లే బళ్లు సైకిళ్లు, కొండలెక్కేవాళ్లతో నిండిపోతాయి. వీలైతే బండి బయల్దేరే మొదటి స్టేషన్లోనే పావు గంట ముందు ఎక్కండి. పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు నేను చెప్పేది పనిదినం, తొమ్మిది తర్వాతి బండి. ఆఫీసులకు వెళ్లేవాళ్లు అప్పటికే దిగిపోయి ఉంటారు, కిటికీ పక్క సీటు తేలిగ్గా దొరుకుతుంది. మీరు ఒక రోజు సెలవు పెట్టాల్సి వస్తుంది, పెట్టండి.

తలుపులు వాటంతట అవి తెరుచుకోవు, మీట నొక్కాలి. అమ్మానాన్నలు ఒంటరిగా వెళ్లే రోజున ఇది ముందుగా చేయించి చూపించండి. నగరాల్లో కొనే మామూలు కాగితం టికెట్టుని చాలా చోట్ల ప్లాట్‌ఫాం మీదున్న చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్టు కొన్నా కొననట్టే. మామూలు బట్టల్లో వచ్చే చెకింగ్ వాళ్లు "తెలియదు" అంటే వదిలిపెట్టరు.

పట్టాల మరమ్మతులు ఇక్కడ ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. ఒక్కోసారి లైను నెలల తరబడి మూసేస్తారు. యాప్‌లో ఎస్ఈవీ అని కనిపిస్తే ఆ ముక్కకి రైలు బదులు బస్సు వేశారని అర్థం. రీజినల్ టికెట్టు ఆ బస్సులో చెల్లుతుంది. బస్సు స్టేషన్ ముందు ఎక్కడ ఆగుతుందో వెతుక్కోవడానికి సమయం పడుతుంది కాబట్టి మారే చోట అరగంట వ్యవధి ఉంచుకోండి.

గ్రూపులో ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను ఇలా చెబుతున్నాను. ఒకే క్యాలెండర్ నెలలో మూడు వారాలకు పైగా ఉండి, వారంలో మూడు నాలుగు రోజులు బయటికి వెళ్లే ఓపిక ఉన్నవాళ్లయితే డాయిచ్‌లాండ్ టికెట్. వారానికి ఒకటి రెండు రోజులు, నలుగురైదుగురు కలిసి తిరిగేవాళ్లకు రాష్ట్రం టికెట్టు. నగరం నుంచి నగరానికి ఒకే ఒక్క పొడవాటి ప్రయాణానికి, రోజు ముందే ఖాయమైతే, స్పార్‌ప్రైస్. మా అమ్మానాన్నలు రెండోసారి వచ్చినప్పుడు వీటిలో రెండు కలిపి వాడాం. బెర్లిన్ వెళ్లి రావడానికి ఐసీఈ, మిగిలిన అయిదు షికార్లకూ బయర్న్ టికెట్.

వాళ్లు తిరిగి వెళ్లే రోజు సంగతి ఒకటి మిగిలింది. విమానాశ్రయానికి వెళ్లే రైలు, విమానానికి మూడు గంటల ముందు చేరేలా చూసుకుంటే సరిపోదు. దాని ముందు బండి ఎక్కండి. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో రెండు స్టేషన్లున్నాయి, ఐసీఈలు ఆగేది ఒకటి, ఎస్-బాన్, రీజినల్ బళ్లు ఆగేది ఇంకొకటి. సిటీలోంచి ఎస్8, ఎస్9 బళ్లలో వస్తే రెండో దాంట్లో దిగుతారు. అక్కడి నుంచి టెర్మినల్ 1కి లిఫ్టు ఉంది. ట్రాలీ మీద మొదట బరువైన పెట్టెలు పెట్టండి, ఆవకాయ జాడీలు ఖాళీ అయిన పెట్టె వాటి పైన పెట్టండి.